మా మామ్మ కూడా లేస్తుందా?

సోమవారం పొద్దున్న ప్రార్థన అయ్యాక ఐదో తరగతి పిల్ల ఒకతె నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. హోంవర్కు చూపించడానికి వచ్చిందనుకున్నాను. "మాస్టారూ, మా మామ్మ నరకంలో ఉందా?" అని అడిగింది.

ముందు రోజు వాళ్ల ఊరి చర్చికి మైదానం నుంచి ఒక బోధకుడు వచ్చాడట. బాప్తిస్మం లేకుండా చనిపోయినవాళ్లంతా అగ్నిలో కాలుతున్నారని, వాళ్ల కోసం ఏడ్చినా లాభం లేదని చెప్పాడట. ఆ పిల్ల మామ్మ చనిపోయి అప్పటికి రెండేళ్లు. చివరిదాకా మన పద్ధతిలోనే బతికిన మనిషి. సంతకు పోతూ మా బడి గేటు దగ్గర ఆగి, గంపలోని అనాసపండు కోసి పిల్లలందరికీ తలా ఒక ముక్క పెట్టేది. వీళ్లు క్రైస్తవుల పిల్లలు, వీళ్లు కారు అని ఆమె ఎంచడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు నేను "లేదమ్మా, వెళ్లి కూర్చో" అన్నాను. వెళ్లి కూర్చుంది గాని, నా మాట నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసింది. బోధకుడు గంటసేపు మైకులో చెప్పినదానికి మాస్టారి రెండు మాటలు చాలవు. అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అలాంటి పిల్లలకు రోజూ పాఠం చెప్పే తోటి టీచర్ల కోసం, ఆ పిల్లలకు అన్నలూ అక్కలూ అయిన మీ కోసం.

ముందు నా సంగతి చెప్పాలి. నేను సవరవాణ్ణి. సీతంపేట ఏజెన్సీలో పుట్టాను. మా అయ్య పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడు. నేను పుట్టేసరికి మాది క్రైస్తవ కుటుంబం. టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తాను. చర్చిలో కూర్చునేవాడిగానే ఈ తగవు పెట్టుకుంటున్నాను.

నా వాదన ఇది. చనిపోయిన మనిషి శరీరంతో తిరిగి లేస్తాడని క్రైస్తవం చెబుతుంది. ఆ మాట నిజంగా నమ్మినవాడు మన చనిపోయినవాళ్లను కట్టెల కింద లెక్కగట్టలేడు. మన రాళ్లను పెకలించలేడు. మన ఏడుపును ఆపలేడు. ఈ మూడూ చేస్తున్నవాడు తన మతంలోని మూలమైన నమ్మకాన్నే కాదంటున్నాడు.

మన పెద్దలు చావును ఎలా చూశారు

చర్చి ఊళ్లలో పెరిగిన కుర్రాళ్లకు ఇది ఎవరూ చెప్పలేదు. కాబట్టి చెబుతాను.

సవరలు శవాన్ని కాలుస్తారు. కాలాక ఎముకలు, బూడిద పాతిపెడతారు. తర్వాత వీలు చూసుకుని గువార్ చేస్తారు. చుట్టాలంతా వస్తారు, దున్నను బలిస్తారు, చనిపోయిన మనిషి పేరు మీద రాయి నిలబెడతారు. ఒక వంశం రాళ్లన్నీ ఒకచోటే ఉంటాయి. చూస్తే ఏముంది, ఎత్తు తక్కువ రాళ్ల గుంపు. తెలిసినవాడికి మాత్రం అది తన ఇంటి జాబితా.

చనిపోయినవాళ్లు సోనుం అవుతారు. కుడాన్‌బోయి ఒంటి మీదికి వచ్చి ఆమె నోటితో మాట్లాడతారు. నాకు ఎందుకు మందు తేలేదని అడుగుతారు. నా పోడు ఎవరు చేస్తున్నారని అడుగుతారు. బతికున్నవాళ్లు జవాబు చెబుతారు, వాదిస్తారు, ఏడుస్తారు, మధ్యలో నవ్వుతారు కూడా. ఇది ఒక్క పూటతో అయ్యేది కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. మెల్లగా ఆ మనిషి కోపం చల్లారుతుంది, ఇంటివాళ్ల దుఃఖమూ చల్లారుతుంది. ఒకరోజు ఆ పేరు వంశంలో పుట్టిన బిడ్డకు పెడతారు. చివరికి అక్కడ కూడా మరోసారి చనిపోయి సీతాకోకచిలుక అవుతారని పెద్దల మాట.

వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లండు పరిశోధకుడు 1970ల నుంచి ఒడిశా వైపు సవర ఊళ్లకు వచ్చి, మన భాష నేర్చుకుని, చనిపోయినవాళ్లతో జరిగే ఈ మాటల మీద 1993లో ఒక పుస్తకం తెచ్చాడు. తర్వాతి తరం బాప్టిస్టులయ్యాక ఆ మాటలు ఎలా ఆగిపోయాయో 2017లో ఇంకో పుస్తకం తెచ్చాడు. మన తాతమామ్మలతో మన మాటలు ఆగిపోవడం కూడా దూరదేశాలవాళ్లు పుస్తకంగా చదువుకున్నారు. మన బడుల్లో ఒక్క పేజీ కూడా లేదు.

మా అయ్య ఎందుకు మారాడు

పాతదంతా బంగారమని నేను చెప్పను. మా తాతకు గువార్ చేయడానికి మా అయ్య షావుకారు దగ్గర అప్పు చేశాడు. వడ్డీ కింద చింతచెట్లు పోయాయి, తర్వాత పల్లపు మడి తాకట్టు పడింది. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఏ సోనుం పట్టిందో అని కోడి, మేక. సారా సరేసరి. మా అక్క ఒకతె అలా కోళ్లు కోస్తుండగానే చనిపోయిందని అమ్మ చెప్పేది.

చర్చివాళ్లు వచ్చి అక్షరాలు నేర్పారు. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు కొండ అవతల సెరంగోలో ఆస్పత్రి పెట్టారు. సారా మానమన్నారు. అన్నిటికంటే పెద్ద మాట ఒకటి చెప్పారు: చనిపోయినవాళ్లకు భయపడక్కరలేదు, చావును గెలిచినవాడు ఒకడున్నాడు. అప్పుల్లో, భయంలో ఉన్న మా అయ్యకు ఆ మాట నిజంగా విడుదల. ఆ విడుదలను నేను తక్కువ చేయను. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నానంటే ఆ మాట కూడా ఒక కారణం.

అయితే భయం నుంచి విడిపించడం వేరు, చనిపోయినవాళ్ల నుంచే విడదీయడం వేరు. మొదటిది చేస్తామని వచ్చి రెండోది చేశారు. ఇప్పుడు కొత్త భయం తెచ్చిపెడుతున్నారు. మా అయ్య తనను సోనుం పట్టుకుంటుందేమోనని భయపడ్డాడు. ఐదో తరగతి పిల్ల తన మామ్మ కాలిపోతోందేమోనని భయపడుతోంది. ఏ భయం తేలిక?

శరీరం అన్నమాట ఏమైంది

మన ఊళ్లలో క్రైస్తవుల చావు దగ్గర వినిపించే బోధ ఇది: ఆత్మ పరలోకానికి ఎగిరిపోయింది, ఇక్కడున్నది వట్టి పెంకు, దీని గురించి ఆలోచించొద్దు. ఈ మాట బైబిల్లో ప్రధానమైన ఆశ కాదు. శరీరం చెరసాల, ఆత్మ అందులో ఖైదీ, చావుతో విడుదల అన్నది పాత గ్రీసు తత్వవేత్తల ఆలోచన, ముఖ్యంగా ప్లేటోది. పౌలు ఏథెన్సులో మృతుల పునరుత్థానం అనగానే కొందరు ఎగతాళి చేశారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఉంది. ఆత్మ చావదంటే ఆ ఊళ్లో నవ్వే పని లేదు, వాళ్లకు అది తెలిసిన సంగతే. శరీరం లేస్తుందన్నాడు గనుక నవ్వారు.

యేసు లేచాక ఏం చేశాడో సువార్తల్లో చూడండి. లూకా 24లో శిష్యులు భూతమనుకుని భయపడితే, చేతులూ కాళ్లూ చూపించి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప తిన్నాడు. యోహాను 20లో తోమాకు గాయాలు చూపించాడు. దెబ్బలు మాయమైపోలేదు, ఆ ఒంటి మీదే ఉన్నాయి. తోట దగ్గర మరియ ఆయన్ను గుర్తుపట్టలేదు, పేరు పెట్టి పిలిచాక గుర్తుపట్టింది. యోహాను 21లో ఒడ్డున నిప్పులు వేసి శిష్యులకు చేపలు, రొట్టె సిద్ధం చేశాడు. చేప, నిప్పు, గాయం, పేరు. ఇందులో ఒంటిని వదిలించుకున్న ఆత్మ ఎక్కడుంది?

పౌలు కొరింథువాళ్లకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమంతా దీని మీదే. అక్కడ ఆయన ఇచ్చిన పోలిక మనకు ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. పోడు చేసేవాళ్లం. సామగింజ నేలలో పడి చీకిపోతేనే మొలక వస్తుంది. వచ్చిన మొక్క గింజలా ఉండదు. అయినా సామగింజకు సామ మొక్కే వస్తుంది, కంది మొక్క రాదు. శరీరం అలా విత్తబడి వేరే తీరులో లేస్తుందని ఆయన చెప్పాడు. మనిషి మారతాడు గాని ఇంకొకడైపోడు. బైబిలు చివరి పుస్తకం చివరి అధ్యాయాల్లో కూడా మనుషులంతా పైకి ఎగిరిపోవడం కనబడదు. కొత్త ఆకాశం, కొత్త భూమి, దేవుని పట్టణం కిందికి దిగిరావడం కనబడుతుంది.

అందుకే లూథరన్లు, ఆర్‌సీఎం వాళ్లు ఆరాధనలో చెప్పే విశ్వాస ప్రమాణంలో శరీర పునరుత్థానం అన్న మాట పెట్టారు. ఆ మాటకు అర్థం ఒకటే: ఈ ఒళ్లు దేవుడికి కావాలి, ఈ నేల కావాలి, ఈ పేరు కావాలి. ఇది పట్టుకుని మన ఊళ్లలో జరుగుతున్నవి ఒక్కొక్కటే చూద్దాం.

ఏడవొద్దంటున్నారు

మా అమ్మ చనిపోయిన రోజు మా పెద్దమ్మ శవం మీద పడి మన రాగంలో ఏడవబోతే, అక్కడికొచ్చిన ఒక సంఘపెద్ద ఆమె భుజం పట్టి లేపాడు. "నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకూడదు, పాట పాడండి" అన్నాడు. పెద్దమ్మ లేచి గోడ పక్కన కూర్చుంది. సాయంత్రందాకా నోరు విప్పలేదు. ఆమె అక్కాచెల్లెళ్లలో మిగిలిన ఆఖరి మనిషి. ఏడవడానికి ఆమెకు ఇంకెక్కడ చోటుంది?

ఆయన తీసిన వాక్యం థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలోది. నిరీక్షణ లేనివాళ్లు దుఃఖపడినట్టు దుఃఖపడొద్దని పౌలు అన్నాడు. అసలు దుఃఖపడొద్దని అనలేదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను 11లో ఉంది. మరికాసేపటికి లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఆయనకంటే ఎక్కువ నిరీక్షణ ఈ సంఘపెద్దకు ఉందా? యాకోబు చనిపోతే ఐగుప్తువాళ్లు డెబ్బై దినాలు ఏడ్చారని ఆదికాండములో రాసి ఉంది. మన వాళ్లకు ఒక్క పూట ఇవ్వరా?

రాళ్లు పెకలిస్తున్నారు

ఒక ఊళ్లో చర్చి అరుగు ఎత్తు పెంచడానికి పాత గువార్ రాళ్లు తెచ్చి వేశారు. నేను చూశాను. కుర్రాళ్లే మోసుకొచ్చారు. వాళ్లలో ఒకడు నా దగ్గర చదివినవాడే. "విగ్రహాలు కదా మాస్టారూ" అన్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి అలా చెప్పినవాళ్లది.

రాహేలు దారిలో ప్రసవించి చనిపోతే యాకోబు ఆమె సమాధి మీద ఒక రాయి నిలబెట్టాడు. ఆదికాండము 35వ అధ్యాయం తీసి చదువుకోండి. యొర్దాను దాటాక యెహోషువ నదిలోంచి పన్నెండు రాళ్లు తీయించి గిల్గాలులో నిలబెట్టించాడు, రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే చెప్పడానికి. యూదుల రాయి జ్ఞాపకం, సవరల రాయి విగ్రహమా? ఈ తీర్పు ఏ అధ్యాయంలో ఉంది?

చనిపోయినవాళ్లతో మాట్లాడించే పని ధర్మశాస్త్రం నిషేధించిందని బోధకులు ద్వితీయోపదేశకాండము చూపిస్తారు. నిజమే, అలా ఉంది. క్రైస్తవుడు కుడాన్‌బోయి దగ్గరకు వెళ్లాలని నేను అడగడం లేదు. రాయి ముందు బలి ఇమ్మనీ అనడం లేదు. రాయిని దాని చోట ఉండనివ్వండి, అది ఎవరిదో పిల్లలకు చెప్పండి అంటున్నాను. అది యెహోషువ చేసిన పనే.

కాల్చినవాళ్లు లేవరంటున్నారు

పాతిపెడితేనే లేస్తారని, కాల్చినవాళ్లకు పునరుత్థానం లేదని కొందరు చెబుతున్నారు. అంటే మన తాతలు తప్పు పద్ధతి వల్ల కూడా పోయారన్నమాట.

సరిగ్గా ఇదే వాదన ఒకప్పుడు క్రైస్తవులను చంపినవాళ్లు చేశారు. 177లో ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో క్రైస్తవులను చంపి, శవాలను కాల్చి, బూడిద రోన్ నదిలో కలిపారు. ఇక ఎలా లేస్తారో చూద్దామన్నది వాళ్ల ఉద్దేశమని చరిత్రకారుడు యూసేబియసు గ్రంథంలో ఉంది. ఆ హతసాక్షులు లేవరని ఏ చర్చీ చెప్పలేదు. మట్టిలోంచి మనిషిని చేసినవాడికి బూడిద అడ్డమా? రోమన్ కేథలిక్ చర్చి 1963లో దహనాన్ని అనుమతించింది. పాతిపెట్టడమే మేలని ఇప్పటికీ చెబుతుంది గాని, కాల్చితే లేవరని చెప్పదు.

ఇంకొకటి. సౌలు, అతని కొడుకులు యుద్ధంలో చనిపోతే యాబేష్గిలాదువాళ్లు శవాలను తెచ్చి కాల్చి, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. మొదటి సమూయేలు చివరి అధ్యాయం. ఇది చదివినప్పుడల్లా నాకు మా ఊరే కనబడుతుంది.

నరకంలో ఉన్నారంటున్నారు

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న. ఈ ప్రశ్న మన కొండల్లో మొదలైంది కాదు. ఇప్పటి నెదర్లాండ్స్ ప్రాంతంలో 1300 ఏళ్ల కింద రాడ్‌బోడ్ అనే రాజు బాప్తిస్మానికి వచ్చి, నా పూర్వీకులు ఎక్కడున్నారని అడిగాడని, నరకంలో అని చెబితే నీళ్లలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడని ఒక పాత కథ ఉంది. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్ గురించి రాసిన ఉత్తరంలో కూడా, కొత్తగా విశ్వసించినవాళ్లు తమ తల్లిదండ్రుల కోసం ఏడుస్తున్నారని రాశాడు. ఎక్కడికి పోయినా మనుషులు ముందు అడిగింది తమవాళ్ల గురించే.

బైబిలు పాత నిబంధనలో మంచివాడూ చెడ్డవాడూ చనిపోయాక వెళ్లేది పాతాళానికే. యోసేపు చనిపోయాడనుకుని యాకోబు తాను కూడా దుఃఖంతో అక్కడికే దిగిపోతానన్నాడు. యేసు చెప్పిన గెహెన్నా వేరు. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. తీర్పు గురించి చెప్పడానికి ఆ పేరు వాడాడు. తీర్పు ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఆ తీర్పు ఎలా జరుగుతుందో మత్తయి 25లో ఆయనే చెప్పాడు. ఆకలిగొన్నవాడికి పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అని అడుగుతాడు. నిన్ను మేమెప్పుడు చూశామని కుడివైపున ఉన్నవాళ్లే ఆశ్చర్యపోతారు. తాము ఎవరికి పెట్టారో వాళ్లకు తెలియదు. అనాసపండు ముక్కలు కోసి పెట్టిన మామ్మకూ తెలియదు.

పేతురు మొదటి పత్రికలో క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడని, చనిపోయినవాళ్లకు కూడా సువార్త ప్రకటించబడిందని ఉంది. వీటి అర్థం మీద పండితులకు తగాదాలున్నాయి. ఉన్నా తూర్పు దేశాల చర్చిలు దీన్నే పునరుత్థానపు బొమ్మగా గీసుకున్నాయి. ఇస్తాంబుల్‌లోని చోరా చర్చిలో 14వ శతాబ్దంలో వేసిన గోడబొమ్మ ఉంది. అందులో క్రీస్తు ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను పట్టుకుని సమాధుల్లోంచి లాగుతుంటాడు. విరిగిన తలుపులు కాళ్ల కింద పడి ఉంటాయి. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మన ఇళ్లలో చనిపోయినవాళ్ల కోసం వేసే గోడబొమ్మ ఇడితాల్ గుర్తొచ్చింది. ఆదాము బాప్తిస్మం తీసుకోలేదు. హవ్వా తీసుకోలేదు. అబ్రాహామూ తీసుకోలేదు. వాళ్లకు తెరిచిన తలుపు మా తాత రాగానే మూసేస్తారా?

రోమన్ కేథలిక్ చర్చి 1964లో రెండో వాటికన్ మహాసభ పత్రంలోనే, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు, మనస్సాక్షి చెప్పిన ప్రకారం బతికితే రక్షణ పొందగలరని రాసుకుంది. మన బాప్టిస్టులకు ఆ పత్రంతో పని లేదనొచ్చు. రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంతో పని ఉంది కదా. ధర్మశాస్త్రం లేనివాళ్ల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉంటుందని అక్కడ ఉంది. తీర్పు తీర్చేది దేవుడంటారు. మరి మైకు పట్టుకుని ఫలానా మనిషి అగ్నిలో ఉందని ముందే తీర్పు చెప్పే అధికారం బోధకుడికి ఎవరిచ్చారు?

రెండోవైపు వాళ్లకు కూడా ఒక మాట

ఇదంతా చదివి, చూశారా, అందుకే మతం మారినవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టాలని సంబరపడేవాళ్లున్నారు. వాళ్లతో నాకు ఇంకా పెద్ద తగవు ఉంది.

2025 జనవరిలో బస్తర్ ప్రాంతంలోని ఒక ఊళ్లో ఒక క్రైస్తవ బోధకుడు చనిపోయాడు. సొంత ఊరి శ్మశానంలో పాతిపెట్టడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఈలోగా శవం దాదాపు 20 రోజులు మార్చురీలో ఉంది. జనవరి 27న ఇద్దరు జడ్జీలు చెరో అభిప్రాయం చెప్పారు. చివరికి 20, 25 కిలోమీటర్ల దూరంలోని క్రైస్తవుల శ్మశానంలో పాతిపెట్టమని ఉత్తర్వు వచ్చింది.

తండ్రి శవం అలా ఉండగా కోర్టు మెట్లెక్కిన ఆ కొడుకు స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఇది ఏ ఆదివాసీ సంప్రదాయం? దిక్కులేని చావు చచ్చినవాడికి కూడా ఏదో ఒక కర్మ చేసి, వాడి మాట విని, వాడి కోపం తీర్చి పంపిన జాతి మనది. శవానికి నేల ఇవ్వకపోవడం మనం ఎక్కడ నేర్చుకున్నాం? మైదానంలోని కులం దగ్గర నేర్చుకున్నాం. మాల మాదిగలకు వేరే శ్మశానం పెట్టిన ఊళ్ల దగ్గర నేర్చుకున్నాం.

మతం మారినవాళ్లను ఎస్టీ జాబితాలోంచి తీసేయాలన్న డీలిస్టింగ్ డిమాండ్ కూడా ఇదే దారిలోది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. తెగ అంటే పుట్టుక, భాష, నేల, రాళ్లు. ఒకడు రాళ్లు పెకలించి తెగను చీలుస్తున్నాడు. ఇంకొకడు శవాన్ని ఆపి చీలుస్తున్నాడు. ఇద్దరూ చనిపోయినవాళ్ల మీదనే చెయ్యి వేస్తున్నారు.

రెండూ ఒకటే అనను

సోనుం, పునరుత్థానం రెండూ ఒకటే, పేరే తేడా అని కొందరు మంచి మనసుతో అంటారు. నేను అనను. మన పద్ధతిలో చనిపోయినవాళ్లు ఇక్కడే తిరుగుతారు, మాట్లాడతారు, మెల్లగా మరుగైపోతారు. క్రైస్తవంలో చనిపోయినవాళ్లు దేవుడి చేతిలో ఉంటారు, ఒక రోజున అందరూ కలిసి లేస్తారు, ఎవరూ మరుగైపోరు. ఒకదానిలో దుఃఖం తీరడానికి మాట ఉంది, రెండోదానిలో దుఃఖం తీరడానికి వాగ్దానం ఉంది. రెండింట్లో ఏది నిజమో ఎవరి మనసుకు వాళ్లు తేల్చుకోవాలి. నేను రెండోది నమ్మాను. నమ్మాను గనుకనే, ఎవరూ మరుగైపోరని చెప్పే మతం మా తాతమామ్మలను మరుగుపరచడానికి పనిముట్టు కావడం సహించలేను.

టీచర్లారా, ఈ సెలవుల్లో ఒక పని చేద్దాం. పిల్లలతో ఎవరి ఇంటి చనిపోయినవాళ్ల పేర్లు వాళ్ల చేత రాయిద్దాం. ఎన్ని తరాలు గుర్తుంటే అన్ని తరాలు. సవర పేర్లు సవర పలుకుబడిలోనే రాయిద్దాం. రాళ్లు ఉన్న ఊళ్లలో ఏ రాయి ఎవరిదో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు, వాళ్ల దగ్గరకు పిల్లలను తీసుకెళ్దాం. ఇందులో పూజ లేదు, బలి లేదు. ఏ సంఘపెద్ద అడ్డం చెప్పినా ఏ అధ్యాయం ప్రకారమో చూపించమందాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఇంట్లో చావు జరిగినప్పుడు ముసలమ్మలను ఏడవనివ్వండి. పాట తర్వాత పాడొచ్చు. పుట్టిన బిడ్డకు బైబిలు పేరు పెట్టుకోండి, దాని పక్కన మీ తాత పేరు కూడా పెట్టండి. ఊళ్లో క్రైస్తవుడు చనిపోతే మిగతావాళ్లు గొయ్యి తవ్వడానికి వెళ్లండి. క్రైస్తవుడు కానివాడు చనిపోతే చర్చి కుర్రాళ్లు కట్టెలు మోయండి.

ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి, ఆశ్రమ పాఠశాలలో ఉంది. ఈ పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ తీసుకెళ్లి ఇస్తాను. అప్పుడు అడిగినదానికి ఇదీ జవాబమ్మా అని చెబుతాను. మీ మామ్మ ఎక్కడుందో ఆ బోధకుడికి తెలియదు, నాకూ తెలియదు. చనిపోయినవాళ్లను పేరు పెట్టి పిలిచే దేవుణ్ణి నువ్వు నమ్ముతున్నావు. ఆయన పిలిచేవాళ్లలో మీ మామ్మ పేరు లేదని ఎవరైనా అంటే నమ్మకు. ఆ పేరు మాత్రం నువ్వు మర్చిపోకు. వెళ్లి మీ నాన్నను ఆమె రాయి ఏదో చూపించమని అడుగు.